సారా సైకిల్

మౌంట్ ఎయిరీ, నార్త్ కరోలినా
2009 సెప్టెంబరు 2, బుధవారం

నెల్డా అక్కకి,

నీ ఉత్తరం శనివారం అందింది. మనిద్దరికీ ఫోను పడదని రాశావు, నిజమే. ముప్పై రెండేళ్లు మిల్లులో మగ్గాల హోరు మధ్య నిలబడ్డ చెవులివి. ఫోనులో నువ్వు ఒకటంటావు, నేను "ఆఁ?" అంటాను, నువ్వు అరుస్తావు, నాకు కోపం వస్తుంది, ఇద్దరం ఠపీమని పెట్టేస్తాం. ఉత్తరంలో అయితే నువ్వు ఎంత అరిచినా నాకు వినబడదు. హాయిగా ఉంటుంది.

పెళ్లి సంగతికొస్తాను. అక్టోబరు పదిహేడుకి నా సూటు సిద్ధం. రే బావ బతికుంటే ఆయన చేయాల్సిన పని అది. తండ్రి స్థానంలో మేనకోడలు రొవీనా చెయ్యి పట్టుకుని చర్చిలో నడిపించే పని నాకిచ్చావు. నువ్వు పెట్టిన షరతూ గుర్తుంది. ఒక్క చుక్క నోట్లో పడిందని తెలిస్తే ఆ పని నాది కాదు. వచ్చే నవంబరుకి తొమ్మిదేళ్లు అక్కా. మొదటిసారి ఆ తాగుడు మానేసినవాళ్ల మీటింగుకి నన్ను రెక్క పట్టుకుని లాక్కెళ్లింది నువ్వే కాబట్టి నేను వేరే చెప్పక్కర్లేదు. రోజూ సాయంత్రం చీపురుకర్ర చంకలో పెట్టుకుని నడవాలో అటూ ఇటూ మెల్లగా నడవడం సాధన చేస్తున్నాను. చీపురు ఇంతవరకూ నా కాలు తొక్కలేదు. రొవీనా సంగతి చెప్పలేను.

ఇక్కడ కొత్త సంగతి ఒకటుంది. ఒక పాత మోపెడ్ కొన్నాను. దాణా కొట్లో పనికి రోజూ దాని మీదే పోతున్నాను. గంటకి పాతిక మైళ్లు పోతే గొప్ప. పక్కింటి కుక్క నాతో పందెం వేసి రోజూ గెలుస్తోంది. టెన్నెసీలో ఉండే మన చుట్టం ఫ్లాయిడ్ మొన్న వచ్చి చూసి ఒకటే నవ్వు. "మా దగ్గర లైసెన్సు లేనివాడు దీన్ని ముట్టుకుంటే పట్టుకుంటారు. మీ రాష్ట్రంవాళ్లు దీన్ని సైకిలనుకుంటున్నారేంట్రా!" అన్నాడు. అవును మరి, మాకు లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు. పదహారేళ్లు నిండి నెత్తిన హెల్మెట్ ఉంటే చాలు. నాకు అరవై ఒకటి నిండాయి కదా, సరిపోతుంది.

నీ తమ్ముడు
వెర్లిన్


హిల్స్‌విల్, వర్జీనియా
సెప్టెంబరు 6, ఆదివారం

వెర్లిన్,

ఊళ్లో లేబర్ డే సంత. రోడ్డు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. చర్చికి పది నిమిషాల దారి గంట పట్టింది. సగం మంది పాత తుపాకులు కొనుక్కోడానికి, మిగతా సగం వాళ్ల అమ్మమ్మలు పారేసిన గిన్నెలు మళ్లీ కొనుక్కోడానికి వచ్చారు. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, అసలు మాట రాయడానికి చెయ్యి రావడం లేదు కాబట్టి.

లైసెన్సు ఎప్పుడు తీసేసుకున్నారు?

నేను పుట్టింది కూడా ఆ రాష్ట్రంలోనేరా. తాగి బండి నడిపి దొరికినవాడు మర్నాడు ఏం కొనుక్కుంటాడో నాకు తెలుసు. మీ ఊళ్లో దాన్ని సారా సైకిల్ అంటారు. వెనక సీటుకి సరుకుల సంచీ కట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా రోడ్డు వారగా పోయే మగాళ్లని చిన్నప్పటి నుంచీ చూశాను. నువ్వూ ఒకప్పుడు నాలుగేళ్లు అలాగే పోయావు.

నీ ఉత్తరం రాకముందే మీ ఊళ్లో ఉండే డార్లీన్ చెప్పింది. ఆవిడ సంగతి తెలుసుగా, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. "వదినా, వెర్లిన్ మళ్లీ మోపెడ్ ఎక్కాడు. ట్రక్కు ఇంటి ముందు లేదు" అంది. ట్రక్కు బాగుచేయడానికి ఇచ్చి ఉంటాడులే అన్నాను. నాలుగు రోజులకి నువ్వే రాశావు. కుక్క పందెం కథ చెప్పి నవ్వించబోయావు. నాకు నవ్వు రాలేదు.

నిజం రాయి. నిజమైతే తిడతాను, ఏడుస్తాను, అయినా తెలుసుకుంటాను.

అక్క


మౌంట్ ఎయిరీ
సెప్టెంబరు 10, గురువారం

నెల్డా అక్కకి,

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారట. నా సంగతి అలాగే ఉంది. నా లైసెన్సు ఎవరూ తీసుకోలేదు. పర్సులోనే ఉంది. దాని నకలు ఇందులో పెడుతున్నాను. ఫొటోలో ముఖం బాగోలేదు గానీ కార్డు మంచిదే.

ట్రక్కు ఒకరికి ఇచ్చాను. అమ్మలేదు, అరువిచ్చాను. వాళ్లకి నాకంటే అవసరం. ఈ నెలాఖరు దాకానో, ఇంకో నాలుగు రోజులు ఎక్కువో. ఎవరికిచ్చానో చెప్పలేను. చెప్పకూడదు కాబట్టి చెప్పడం లేదు. అంతకు మించి అడగొద్దు.

అందరూ అలాగే చూస్తున్నారు, నువ్వొక్కదానివే కాదు. దాణా కొట్టు యజమాని మొన్న నా దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "ఏమన్నా కావాలంటే చెప్పు వెర్లిన్" అని గుసగుసగా అన్నాడు. నా చెవులకి గుసగుస కూడానా! మూడుసార్లు చెప్పించుకున్నాను. మూడోసారికి కొట్లో ఉన్న రైతులందరికీ వినబడింది. చర్చిలో ఒకావిడ పీచు పళ్లతో చేసే తీపి వంటకం, సాంకర్, గిన్నెడు తెచ్చిచ్చి, నా చెయ్యి నొక్కి, కళ్లు తుడుచుకుని వెళ్లింది. సాంకర్ బాగుంది, తిన్నాను. ఊళ్లోవాళ్లు ఏమనుకున్నా నాకు పట్టదు. నువ్వు అనుకుంటేనే కష్టంగా ఉంది.

రొవీనాకి ముద్దులు. చీపురుతో సాధన ఆపలేదు.

వెర్లిన్


హిల్స్‌విల్
సెప్టెంబరు 14, సోమవారం

వెర్లిన్,

నకలు అందింది. 2000లో కూడా ఇలాంటి కార్డే చూపించావు. "చూడక్కా, నా దగ్గరే ఉంది" అన్నావు. కార్డు జేబులో ఉంటుంది, రద్దు కంప్యూటర్లో ఉంటుంది. ఆ తేడా నాకు నేర్పింది నువ్వే.

"ట్రక్కు ఒకరికి ఇచ్చాను." ఈ మాట నేను మొదట విన్నది నాన్న నోట. నీకు ఆరేళ్లు, నాకు పదకొండు. ఆదివారం పొద్దున గుమ్మంలో నిలబడి "పాపం, వాళ్లకి అవసరమంటే ఇచ్చాను" అన్నాడు. అమ్మ నమ్మింది. పొయ్యి దగ్గరికి వెళ్లి ఆయనకి గుడ్లు వేయించింది. మధ్యాహ్నం పక్క పొలం ఆయన వచ్చి, "మీ ట్రక్కు మా వాగులో ఉందమ్మా, ఆవులు నీళ్లు తాగడానికి అడ్డంగా ఉంది" అన్నాడు. అమ్మ ముఖం ఆ రోజు ఎలా ఉందో నేను ఈ రోజుకీ మర్చిపోలేదు. పొయ్యి దగ్గర నిలబడే ఆ మనిషిని నేను కాకూడదనుకున్నాను.

నా బిడ్డకి తండ్రి లేడు. ఆ చర్చి తలుపు దగ్గర అది ఎవరి చెయ్యి పట్టుకుంటుందో ఆ మనిషి నిలకడగా నిలబడాలి. నిన్న రొవీనాతో చెప్పేశాను. పెళ్లికొడుకు కోల్బీ పెదనాన్న హార్డింగ్ సెమోన్స్‌ని అడగమన్నాను. అది తలూపింది. సెమోన్స్ వాళ్లు ఇంట్లోకి సీసా రానివ్వని మనుషులు. పెళ్లికి నువ్వు రావచ్చు. వచ్చి మాతో కూర్చో. నడిపించడం మటుకు వద్దు.

ఇది రాయడానికి మూడు కాగితాలు చించాను. 

నెల్డా


మౌంట్ ఎయిరీ
సెప్టెంబరు 22, మంగళవారం

నెల్డాకి,

వారం రోజులు కలం పట్టలేదు. పట్టుకుంటే ఏం రాస్తానోనని భయం వేసింది. మీటింగుకి వెళ్లాను, వరసగా మూడు రోజులు. ఎందుకో నీకు అర్థమవుతుంది. చుక్క ముట్టలేదు. ఆ వాగు కథ నాకు గుర్తుంది. నేను నాన్నని కాను.

తర్వాత ఒక పని చేశాను. లైబ్రరీకి వెళ్లి, అక్కడి పిల్ల చేత మన రెండు రాష్ట్రాల రూల్సూ అచ్చు తీయించాను. ఒకే బండి. మా వైపు ముప్పై మైళ్లు దాటకూడదు, మీ వైపు ముప్పై అయిదు. రాష్ట్రం సరిహద్దు గీత దాటగానే ప్రభుత్వం నాకు అయిదు మైళ్లు బహుమతి ఇస్తోంది, కానీ పాపం బండికి ఆ సంగతి తెలియదు. పెద్ద హైవే ఎక్కకూడదు, ఇద్దరు కూర్చోకూడదు, ఇలాంటివి చాలా ఉన్నాయి. అసలు సంగతి ఇది. మా రాష్ట్రంలో తాగి లైసెన్సు పోగొట్టుకున్నవాడు కూడా మోపెడ్ నడపొచ్చు. అందుకే దానికి ఆ పేరు. మీ రాష్ట్రంలో అలాంటివాడు మోపెడ్ కూడా నడపకూడదు. పట్టుకుంటారు.

కాబట్టి నేను వస్తున్నాను. శనివారం, 26వ తేదీ, పొద్దున ఎనిమిదింటికి బయల్దేరతాను. పాత యాభై రెండో నంబరు రోడ్డు పట్టుకుని, కానా ఊరి ఆపిల్ తోటల మీదుగా ఫ్యాన్సీ గ్యాప్ కొండెక్కి నీ గుమ్మం ముందు ఆపుతాను. ఎవరన్నా పోలీసు ఆపితే ఇంకా మంచిది. నా కార్డు నమ్మవు, నా మాట నమ్మవు. మీ వర్జీనియా కంప్యూటర్‌నైనా నమ్ముతావు కదా.

వెర్లిన్ గ్విన్


హిల్స్‌విల్
సెప్టెంబరు 25, శుక్రవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం ఇప్పుడే, పన్నెండింటికి వచ్చింది. అయిదు లోపల పోస్టాఫీసులో వేస్తాను. అయినా ఇది నీ చేతికి సోమవారం గాని రాదు, నువ్వు రేపే కొండెక్కుతావు. ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా వినబడదు. డార్లీన్‌తో కబురు చేద్దామంటే అది గోరంతని కొండంత చేసి నీకు అప్పజెబుతుంది. అందుకని ఆలస్యంగా చేరుతుందని తెలిసీ రాస్తున్నాను.

వంటింట్లో కూర్చుని నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. నాన్నకి ఎప్పుడూ పేరు సిద్ధంగా ఉండేది. "ఫలానా ఆర్వెల్‌కి ఇచ్చాను, వాళ్లావిడకి పురుడు" అనేవాడు. పేరూ, ఊరూ, జబ్బూ అన్నీ చెప్పేవాడు. నువ్వు తాగే రోజుల్లో నువ్వూ అంతే. అబద్ధం చెప్పేవాడి దగ్గర వివరం ఎప్పుడూ ఉంటుంది. ఈసారి నేను ఎంత గుచ్చినా నువ్వు ఒక్క పేరు చెప్పలేదు. ఒక్క పేరు కల్పిస్తే నేను ఊరుకునేదాన్ని, అది నీకూ తెలుసు. అయినా కల్పించలేదు.

అప్పుడు నాకు ఆ మొదటి మీటింగు గుర్తొచ్చింది. చర్చి కింది గదిలో మడత కుర్చీలు, చల్లారిన కాఫీ. చివర అందరూ కలిసి ఒక మాట చెప్పారు, ఇక్కడ చూసిన ముఖం, ఇక్కడ విన్న మాట ఇక్కడే వదిలిపోవాలని. వెనక వరసలో కూర్చున్న నా చేత కూడా అనిపించారు. తొమ్మిదేళ్లకి నాకు బుర్ర వెలిగింది. ట్రక్కు ఆ గదిలోవాళ్లలో ఎవరి దగ్గరుందో నేనిక అడగను. నిన్ను నమ్ముతున్నాను. ఏ కంప్యూటరూ నాకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా భయమంతా ఆ కొండ గురించే. ఆ మలుపుల్లో కాబేజీ లారీలు ఎంత వేగంగా దిగుతాయో నీకు తెలీదు. నువ్వు నత్తలా పాకుతూ, వెనకనించి హారన్ కొడితే వినబడని చెవులతో! అందుకని వీధి చివర ఉండే లండీని అడిగాను. షెరిఫ్ దగ్గర పోలీసుగా పని చేస్తాడు, రేపు కొండ కింద డ్యూటీ. "మా తమ్ముడు వస్తాడు, వెనకాల దీపాలు వేసుకుని తోడు రా నాయనా, కాగితాలు ఎలా ఉన్నా సరే, నా దగ్గరికి జాగ్రత్తగా చేర్చు" అన్నాను. సరేనన్నాడు. మాటలు తక్కువ మనిషి, అదే భయం.

నడిపించే సంగతి హార్డింగ్‌కి వెళ్లిపోయింది. సెమోన్స్ వాళ్లకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. అది నా తలనొప్పి. నువ్వు క్షేమంగా రా.

అక్క


మౌంట్ ఎయిరీ
సెప్టెంబరు 26, శనివారం

నెల్డా గారికి,

వచ్చాను. వెనక్కి వెళ్లాను. ఎందుకో మీకు తెలుసు, అయినా రాస్తున్నాను.

గీత దాటి రెండు మైళ్లు వచ్చానో లేదో, ఆపిల్ పళ్లమ్మే పాక పక్కన పోలీసు కారు ఉంది. నేను దగ్గరికి రాగానే దీపాలు వేసి ఆపాడు. "వెర్లిన్ గ్విన్ మీరేనా?" అన్నాడు. అవునన్నాను. నా పేరు ఎలా తెలుసన్నాను. "నెల్డా గారు పంపారు" అన్నాడు.

అంతే. ఇంకో మాట లేదు. కార్డు తీసి ఇచ్చాను. కారులోకి వెళ్లి రేడియోలో మాట్లాడాడు. పళ్లు కొనుక్కునే వాళ్లంతా చేతుల్లో సంచులతో నన్నే చూస్తున్నారు. తిరిగి వచ్చి కార్డు ఇచ్చి, "అంతా శుభ్రంగా ఉందండీ. పదండి, మీ వెనకాలే వస్తాను" అన్నాడు.

పోలీసు ఆపితే మంచిదే అని నేనే రాశాను. దారిన పోయే పోలీసు ఆపితే సంతోషంగా ఆగేవాణ్ని. నా అక్కే కాపలా పెట్టించి, నా ఊరూ పేరూ చెప్పి పట్టించిందే, అది నేను మోయలేకపోయాను. నన్ను ముందు నడిపించి, వెనకాల దీపాలు వేసుకుని, దొంగని తెచ్చినట్టు మీ గుమ్మం దాకా తెస్తాడట. అక్కర్లేదన్నాను. బండి తిప్పాను. అతను ఏదో అనబోయాడు, నేను ఆగలేదు.

మీకు కావలసింది దొరికింది కదా. నా కాగితం శుభ్రంగా ఉంది. అతన్నే అడగండి. పెళ్లికి నేను రాను. రొవీనాకి వేరే ఉత్తరం రాస్తాను.

వెర్లిన్ గ్విన్


మౌంట్ ఎయిరీ
సెప్టెంబరు 28, సోమవారం

అక్కా,

శనివారం నేను రాసింది నీకు ఈపాటికి అందే ఉంటుంది. చించెయ్యి. పొయ్యిలో పడెయ్యి. "గారు" అని రాశాను, దానికి నా చెంప నేనే వాయించుకున్నాను.

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. పారేద్దామని చెత్తబుట్ట దాకా తీసుకెళ్లాను. కవరు మీద ముద్ర చూశాను. 25. లోపల నీ చేత్తో రాసిన తేదీ చూశాను. శుక్రవారం. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఆ లండీ నా కార్డు రేడియోలో చదివింది శనివారం పొద్దున. నువ్వు నమ్మింది దానికి ముందు రోజు.

వాకిట్లో ఆ చెత్తబుట్ట దగ్గరే నిలబడి ఏడ్చేశాను. పక్కింటి కుక్క కూడా వచ్చి పక్కన కూర్చుంది. చాలా తేలికగా ఉంది అక్కా. తొమ్మిదేళ్లుగా ప్రతివాళ్లకీ ఏదో ఒకటి చూపించి నమ్మించాల్సి వచ్చింది, జడ్జీకి, యజమానికి, పాస్టరుకి. ఏమీ చూడకుండా నమ్మినదానివి నువ్వొక్కదానివే. ఆ పోలీసాయన తోడు వచ్చాడని తెలియక పాపం ముఖం మీదే బండి తిప్పేశాను. క్షమించమని చెప్పు. "నెల్డా గారు పంపారు" అన్నదానికి "తోడు రమ్మని" అని అతను ఇంకో ముక్క చేర్చి ఉంటే, కొండెక్కి నీ చేతి వేడి బిస్కెట్ రొట్టెలు తినేవాణ్ని.

ట్రక్కు గురువారం తిరిగి వస్తోంది. వాళ్ల పని అయింది, బాగానే అయింది. అంతవరకే చెప్పగలను.

హార్డింగ్ గారికి ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవద్దు. పెళ్లి ముందు వాళ్లతో నీకు మాట రాకూడదు. నేను వస్తాను, నీ పక్కన కూర్చుంటాను. నిజంగా అది చాలు.

నీ తమ్ముడు


హిల్స్‌విల్
సెప్టెంబరు 30, బుధవారం

తమ్ముడూ,

శనివారం ఎనిమిదిన్నర నుంచీ గుమ్మంలోనే కూర్చున్నాను. బిస్కెట్లు చల్లారాయి, గ్రేవీ గడ్డకట్టింది. పదకొండింటికి లండీ ఒక్కడే వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు.  కొండ మీద ఏదో అయిపోయిందనుకున్నాను. "వెనక్కి వెళ్లారండీ. క్షేమంగానే వెళ్లారు. గీత దాకా వెనకాలే వెళ్లి చూసి వచ్చాను" అన్నాడు.  కాగితాల సంగతి చెప్పబోయాడు. "నేను అడగలేదు నాయనా, నువ్వు చెప్పకు" అన్నాను. ఆ బిస్కెట్లు అతని చేతే తినిపించాను. ఇంట్లోకి వచ్చి నిన్ను ఒక గంట తిట్టుకున్నాను, బతికున్నావు కాబట్టి.

నీ "గారు" ఉత్తరం సోమవారం వచ్చింది, రెండోది ఈ రోజు వచ్చింది. మొదటిది పొయ్యిలో వేశాను. రెండోది నా బైబిల్లో పెట్టాను. నాన్న మీది కోపం నీ మీద చూపించాను తమ్ముడూ. నన్ను క్షమించు.

ఇప్పుడు అసలు సంగతి. సోమవారం సాయంత్రం రొవీనాని కూర్చోబెట్టాను. నేను పొరపాటు పడ్డానే, హార్డింగ్ గారి దగ్గరికి నేనే వెళ్లి కాళ్లావేళ్లా పడి చెబుతాను అన్నాను. అది గోళ్లు చూసుకుంటూ కూర్చుంది. "ఆయనకి ఏం చెబుతావమ్మా? నేను ఆయన్ని అడగనే లేదు" అంది.

"తలూపావు కదే!"

"నువ్వు ఏడుస్తుంటే తలూపాను. మామయ్య తాగాడో లేదో నాకు తెలియదు. తాగి ఉంటే ఒక్కదాన్నే నడుద్దామనుకున్నాను. ఇంకెవరి చెయ్యీ పట్టుకోదలుచుకోలేదు" అంది.

రెండు వారాలు నేను తల బద్దలు కొట్టుకుంటుంటే అది నోరు మెదపలేదు. నీ మేనకోడలు కాక ఇంకెవరు? దాన్ని పట్టుకుని ఏడ్చాను, తర్వాత ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. ఇన్నాళ్లకి గుండెల మీంచి బరువు దిగింది.

మోపెడ్ మీద ఆ కొండ ఎక్కావంటే ఊరుకోను. ట్రక్కులో రా, పెళ్లికి రెండు రోజుల ముందే వచ్చెయ్యి. రొవీనా పక్కన ఆ చోటు ఒక్క రోజు కూడా ఇంకొకరిది కాలేదురా.

అక్క